చెవులూడే కుక్కపిల్ల

ఇంతకన్నా త్వరగా పాడయ్యేది ఏమైనా ఉందా అని అడుగుదామనుకుంది చెల్లెలు. ఎదురుగా టై బిగించుకుని నిలబడ్డ సేల్స్‌మన్ మొహం చూశాక ఆ మాట గొంతులోనే ఆగిపోయింది. పొద్దుట్నుంచీ ఎంతమందికి చెప్పి ఉంటాడో పాపం, ఇది నీళ్ళలో పడేసినా ఏం కాదు మేడమ్, ఇది గోడకేసి కొడితే గోడకే దెబ్బ మేడమ్ అని. అలాంటి మనిషిని పట్టుకుని నెల తిరక్కుండా ఊడిపోయేది చూపించవయ్యా అంటే, ఈమెకేమైనా మతి పోయిందా అనుకోడూ. అందుకని ఊరికే తల ఊపుతూ, అతను చూపించిన బొమ్మలన్నీ చేతిలోకి తీసుకుని, తిరగేసి, పొట్ట కింద బొటనవేలితో నొక్కి చూసి, గట్టిగా ఉన్నవాటిని ఒక్కొక్కటే పక్కన పెట్టేస్తోంది. అతనికి అంతు పట్టడం లేదు. బాగున్నదల్లా పక్కకు పోతోంది. అరలన్నీ ఖాళీ అయ్యేలా ఉన్నాయని భయమేసి కాబోలు, బాబుకి ఎంత వయసు మేడమ్ అన్నాడు. రెండు నిండుతాయి, క్రిస్మస్‌కి ముందు, అంది. మీ బాబేనా అన్నాడు. అక్క కొడుకు, అంది. తడుముకోలేదు. ఆ మాట ఎంత అలవాటైందంటే, నిద్రలో లేపి అడిగినా అదే వస్తుంది. ఇంటికెళితే ఆమె ఒకరికి భార్య, ఇద్దరాడపిల్లలకు తల్లి, పని దగ్గర బస్సు సీట్లు కుట్టే మనిషి. ఈ గంటసేపు మాత్రం ఒట్టి చెల్లెలే, అక్క పని మీద వచ్చింది కాబట్టి.

అక్క ఫోను మధ్యాహ్నం వచ్చింది. అప్పుడు షెడ్డులో పెద్ద మిషన్ మీద సీటు తొడుగు వేసి ఉంది, మందపాటి రెగ్జిన్, మధ్యలో ఆపితే కుట్టు వంకర పోతుంది, అయినా ఆపింది, ఎందుకంటే అక్క పగటిపూట ఫోను చేసే మనిషి కాదు. అక్కకు బేకరీ ఉంది. ఈ నెల వచ్చిందంటే ఓవెన్ ముందు నుంచి కదలదు. కేకులు, కేకులు, మళ్ళీ కేకులు, కనుబొమల మీద కూడా పిండి. "ఏమే, ఈసారి వాడికి మా తరఫున కూడా నువ్వే కొనిపెట్టు. నాకిక్కడ ఊపిరి తీసుకోవడానికి లేదు. వాడికేం కావాలో నీకే బాగా తెలుస్తుంది" అంది, ఆ చివరి మాట తర్వాత ఆగింది. చెల్లెలూ ఆగింది. అటు ఓవెన్ హోరు, ఇటు ఎవరో సీటు చట్రాన్ని సుత్తితో బాదుతున్న చప్పుడు, మధ్యలో ఆ మాట. నీకే. నోరు జారిందా, మామూలుగా అందా, మామూలుగా అంటే ఆగడమెందుకు, ఆగింది తనొక్కతేనేమో, అక్క దగ్గర అప్పుడే ఎవరైనా ఏదైనా అడిగారేమో. చివరికి అక్కే గొంతు సవరించుకుని, ఉంటానే, మాడిపోతోంది, అని పెట్టేసింది. మాడిపోతున్నదేమిటో చెప్పలేదు. చెల్లెలు మళ్ళీ మిషన్ తొక్కితే కుట్టు నిజంగానే వంకర పోయింది, మొత్తం విప్పి మళ్ళీ కుట్టాల్సి వచ్చింది.

పుట్టినరోజు మాది, క్రిస్మస్ నీది. అది కిందటేడు అక్క పెట్టిన పద్ధతి. రెండింటికీ మధ్య వారమైనా లేదు, అందరూ కలిపి ఒకటే కొనేసి చేతులు దులుపుకుంటారు, పిల్లాడు మోసపోతాడు, కాబట్టి అమ్మానాన్నలు పుట్టినరోజుకి, పిన్ని క్రిస్మస్‌కి, ఎవరిది వాళ్ళకు. న్యాయంగానే ఉంది కదా అని తల ఊపి వచ్చేసింది చెల్లెలు. బస్సెక్కి కూర్చున్నాక, కిటికీలో దీపాలు వెనక్కి పోతుంటే అప్పుడు తట్టింది, ఆ రోజు నొప్పులు పడింది తనే కదా అని. అప్పుడు తట్టి ఏం లాభం, చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. అయినా పట్టుకుంది. ఇంటికి చేరేదాకా పట్టుకునే ఉంది. ఇప్పుడు చూడు, తిరిగి తిరిగి పుట్టినరోజు తన చేతుల్లోకే వచ్చింది, కానీ అక్క పేరు మీద.

వాడిని కన్నది చెల్లెలే. అదేం రహస్యం కాదు, పెద్దవాళ్ళందరికీ తెలుసు, తెలియనిది వాడికొక్కడికే. అక్కకు కడుపు నిలవక, నిలవక, ఇక చాలమ్మా, నీ ప్రాణానికే ముప్పు అని డాక్టరమ్మ గట్టిగా చెప్పేసిన ఏడాదే, ఇద్దరు చాలనుకున్న చెల్లెలికి మూడోసారి నెల తప్పింది. దేవుడు లెక్కల్లో బొత్తిగా మొద్దు అని నవ్వుకుందామంటే ఎవరికీ నవ్వు రాలేదు. ఎవరూ అడగలేదు. అక్క చచ్చినా అడిగేది కాదు. బేకరీ వెనక గదిలో పిండి బస్తా మీద కూర్చుని, వీడు నీకే అక్కా అని చెల్లెలే అంది, ఇంట్లో ఆయనతో రాత్రుళ్ళు మాట్లాడుకున్నాకే అంది. అక్క పిండి చేతులతోనే వాటేసుకుంది. చెల్లెలి వీపు మీద తెల్లటి అరచేతులు పడ్డాయి, అలాగే బస్సెక్కి ఇంటికొచ్చింది, చూసినవాళ్ళు ఏమనుకున్నారో. అప్పుడు కలిగింది సంతోషమే, అందులో కల్తీ లేదు. ఇవ్వడం ఇంత తేలికా అనుకుంది. ఇచ్చేటప్పుడు తేలికే. ఆస్పత్రి వార్డు కిటికీకి ఎవరో రంగు బల్బుల దండ కట్టారు, అది వెలిగి ఆరుతుంటే వాడి మొహం ఒకసారి ఎర్రగా, ఒకసారి పచ్చగా. ఎక్కడ పెడితే అక్కడే ఉన్నాడు, గుండ్రంగా, బరువుగా, గుండ్రాయిలా ఉన్నాడే అంది చెల్లెలు, ఆ పేరే నిలిచిపోయింది. కాగితాల్లో అక్క పెట్టిన పేరుంది. ఇంట్లో మాత్రం గుండ్రాయే, వాడి నాన్న అయిన బావకి కూడా గుండ్రాయే. మాటలన్నీ వచ్చాక, అర్థం చేసుకునే వయసొచ్చాక, మనిద్దరం పక్క పక్కనే కూర్చుని చెబుదాం అని అక్క ఆ వార్డులోనే అంది, సరేనంది చెల్లెలు. అన్నీ మాటల ప్రకారమే జరిగాయి. పాలు మాత్రం ఎవరి మాటా వినలేదు. షెడ్డు వెనక సందులో ఎవరి పిల్లాడు ఏడ్చినా వచ్చేసేవి. ఎండలు మండుతున్నా రెగ్జిన్ ఏప్రన్ విప్పేది కాదు, లోపలంతా తడి, పైకి పొడి.

ఇది చూడండి మేడమ్, అన్నాడు సేల్స్‌మన్, ఏనుగును బల్ల మీద పెట్టి. పిల్లలు ఎక్కి కూర్చునే ఏనుగు. బూడిదరంగు, పొట్టి కాళ్ళు, వెడల్పు వీపు, తొండం చుట్ట తిరిగి పట్టుకోవడానికి పిడిలా ఉంది. చెల్లెలి చేయి దాని మీదికి వెళ్ళి ఆగిపోయింది. ఎవరు కుట్టారో గానీ, కుట్టారు. అంచుల వెంట సన్నటి పైపింగ్, కుట్టు పక్కన ఇంకో కుట్టు, రెండూ ఎక్కడా దగ్గరా కాలేదు దూరమూ కాలేదు, లోపల ఫోమ్ ముక్కలు కాదు, ఒకటే దిమ్మ. బొటనవేలితో నొక్కితే లోపలికి వెళ్ళి మెల్లగా వెనక్కి వచ్చింది. ఇది అక్క పేరు మీద, అనుకుంది వెంటనే. ఇందులో ఆలోచించడానికేం లేదు. తల్లి ఇచ్చేది గట్టిదై ఉండాలి. వాడు దీని మీద కూర్చుని అన్నం తింటాడు, దీని మీద నిలబడి అందని అరలు అందుకుంటాడు, పడి దెబ్బ తగిలించుకుని దీన్నే కొడతాడు, మీసాలొచ్చాక కూడా ఇది ఏ మూలో ఉంటుంది, ఎవరిచ్చారంటే మా అమ్మ అంటాడు. ఆ మాట వాడి గొంతులో ఎలా ఉంటుందో వినబడినట్టే అయింది. వాడికి ఇంకా ఆ గొంతు రాలేదు, అయినా వినబడింది. ఇది తీసుకుంటాను అని చెప్పి, ఇప్పుడు ఇంకోటి, కొంచెం మామూలుది, అంది.

మామూలుది దొరకడమే కష్టమైంది. కిందటి క్రిస్మస్ నాటికి ఆమెకీ తెలివి లేదు. వాడికి బొంత కుట్టింది. షెడ్డులో మిగిలిన మెత్తని ముక్కలన్నీ నెలల తరబడి ఏరుకుని, నీలం, లేత నీలం, ఆకాశం, నీళ్ళు, ఉన్న నీలాలన్నీ పోగేసి, మిషన్ మీద కాదు, చేత్తో, ఇంట్లో అందరూ పడుకున్నాక కూర్చుని కుట్టింది. వాడు దాన్ని మొదటిరోజే మొహానికి కప్పుకుని నవ్వాడు. ఆ తర్వాత అది లేనిదే పడుకోలేదు. వారమైనా తిరక్కుండా ఓసారి వెళితే, వాడు బొంత మూల నోట్లో పెట్టుకుని గుమ్మం దాకా ఈడ్చుకొచ్చాడు, అక్క చేతులు చాపింది, వాడు అక్క దగ్గరికి వెళ్ళలేదు, బొంతను పట్టుకుని చెల్లెలి కాళ్ళను పట్టుకున్నాడు. పసివాడు, వాడికేం తెలుసు, కుట్టినదాని చేతివాసనా బొంత వాసనా ఒకటే అయి ఉంటుంది. అక్క నవ్వింది. ఆ నవ్వు చెల్లెలికి గుర్తు. ఆ తర్వాత వెళ్ళినప్పుడు బొంత కనబడలేదు. బీరువా మీద, పెట్టెల వెనక, నీలం అంచు కొంచెం కనబడింది. ఉతకడానికి వేశానే అంది అక్క. చెల్లెలికి అక్కను తప్పు పట్టడానికి ఎక్కడా చోటు దొరకలేదు. తనే అక్కయితే ఇంకా పైన, ఇంకా వెనక పెట్టి ఉండేది.

అప్పుడు నేర్చుకుంది. పిన్ని తెచ్చేది వచ్చిన దారినే పోవాలి. గాలిబుడగలా ఉండాలి, వాడు నవ్వాలి, అయిపోవాలి, వాడి చేయి అక్క కొంగు మీదికే తిరిగి వెళ్ళాలి. ఆ రోజు నుంచీ ఆమె వేళ్ళు నేర్చిన విద్యంతా తిరగేసి వాడుతోంది. జీవితమంతా ఊడకుండా కుట్టడం నేర్చుకున్న మనిషి దుకాణాల్లో నిలబడి ఏది ఊడుతుందా అని వెతుకుతుంది. దారం ఎక్కడ చీకింది, జిగురు ఎక్కడ ఎండింది, ఏ చక్రం వట్టి నొక్కుతో నిలబడింది. అలా కొన్నదే చేయి వేలాడే కోతి, అలా కొన్నదే రేకు బస్సు, కర్రకు తిరిగే రంగు చక్రం, గాలి నిలవని బంతి. తనలాంటి బొమ్మల కొనుగోలుదారు ఉంటే తయారుచేసేవాళ్ళు పని నేర్చుకోనక్కర్లేదు. ఒక్కసారి మాత్రం చేయి ఆగలేదు. మొన్న వానల్లో వెళ్ళినప్పుడు, కోతి చేయి ఊడి దూది బయటికొచ్చి ఉంది, వాడు దాన్ని తెచ్చి ఒళ్ళో పెట్టి మొహంలోకి చూశాడు. వంకర సూది ఎప్పుడూ పర్సులోనే ఉంటుంది, సీట్ల పని చేసేవాళ్ళకు అది లేకపోతే చేయి లేనట్టే. వంటింటి గడప దగ్గర కూర్చుని కుట్టింది. వాడు ఎదురుగా గొంతుక్కూర్చుని, నోరు తెరుచుకుని, సూది మునిగినప్పుడల్లా మునిగి తేలినప్పుడల్లా తేలాడు. అయిపోయాక కోతి చేతిని లాగి చూసి, ఊయింది, అన్నాడు, ఊడిందనడానికి వాడికి వచ్చిన మాట అది. లేదు, అతికింది, అని నవ్వింది. ఆ తర్వాత కొత్త బస్సుల పని వచ్చి పడింది, మళ్ళీ వెళ్ళలేదు. వెళ్ళలేకపోయిందనే అందరికీ చెప్పింది, కొంత నిజం కూడా. చెప్పనిదేమిటంటే, ఆ వంటింటి గడప దగ్గర్నుంచి లేచినప్పుడు కాళ్ళు రాలేదు. వాడు కావాలనిపించింది. చూడ్డానికి కాదు, ఎత్తుకోడానికి కాదు, కావాలి, అంతే. అలాంటప్పుడు వెళ్ళకపోవడమే మంచిది కదా.

కుక్కపిల్ల చివరి అరలో, అడుగున, పక్కకు పడిపోయి దొరికింది. చక్రాల కుక్కపిల్ల, మెడకు తాడు, తాడు పట్టుకుని లాగితే తలూపుతూ వస్తుంది. చెవులు వేలాడుతున్నాయి. ఒక్కో చెవినీ ఏదో పేరుకి కుట్టి వదిలేశారు, వేలు పెడితే వదులు తెలుస్తోంది. క్రిస్మస్ దీపాలు తీసేలోపే ఒకటి పోతుంది, దాని వెనకే రెండోది. చక్రాలు సరేసరి. సేల్స్‌మన్ మనసొప్పక, మేడమ్ అది అంత క్వాలిటీ కాదండీ అని పాపం నిజాయితీగా చెప్పాడు. తెలుసండీ, అంది చెల్లెలు. కుక్కపిల్ల మొహం మాత్రం ఎవరో మనసు పెట్టి చేశారు, ఒక కన్ను కొంచెం పైకి, ఒకటి కొంచెం కిందకి, ఇప్పుడే ఏదో అడగబోతున్నట్టు. అదొక్కటే ఇబ్బంది పెట్టింది.

ప్యాకింగ్ బల్ల ముందు వరస గోడ దాకా ఉంది. లోపల పాటేదో తిరిగి తిరిగి అదే వస్తోంది, పైన కాగితపు నక్షత్రాలు ఫ్యాను గాలికి ఒకదానికొకటి తగులుతున్నాయి. ఒక చంకలో ఏనుగు, ఒక చేతిలో కుక్కపిల్ల. ఏనుగు బరువుంది, గుండ్రాయి అంత ఉంటుందా, ఉండదు, వాడు ఇప్పుడు ఇంకా బరువెక్కి ఉంటాడు, వానల్లో ఎత్తుకున్నప్పుడే నడుం పట్టింది, అప్పటి బరువే చేతులకు తెలుసు, ఇప్పటిది తెలియదు, చేతులు పాత లెక్కే పట్టుకు కూర్చున్నాయి. ముందు నిలబడ్డావిడ భుజం మీద ఒక పాప నిద్రపోతోంది, నోట్లోంచి కారిన సొంగ ఆవిడ భుజం మీద తడిమచ్చ అయింది. ఆవిడకు తెలిసినట్టు లేదు, తెలిసినా పట్టించుకునేలా లేదు. పాప కాలి జోడు ఒకటి జారిపోబోతోంది. చెల్లెలు వేలితో మెల్లగా పైకి తోసింది, ఎవరూ చూడలేదు. వాడి కాళ్ళు తన పెద్దపిల్ల కాళ్ళలా ఉంటాయి, బొటనవేలు పక్కకు తిరిగి, ఆ సంగతి అక్క ఇంట్లో ఎవరూ అనరు, చెల్లెలూ అనదు, స్నానం చేయించే అక్కకు రోజూ కనబడుతూనే ఉంటుంది. అక్కకు ఆ వేలు చూస్తే ఏమనిపిస్తుందో. ఎప్పుడూ అడగలేదు. తల్లి చచ్చినా పినతల్లి బతకాలి అంటారు, తల్లీ బతికి పినతల్లీ బతికి ఇద్దరూ ఒకే పిల్లాడి చుట్టూ తిరుగుతుంటే ఏం చేయాలో ఆ సామెత కట్టినవాళ్ళు చెప్పలేదు. వరస కదిలింది. ప్యాకింగ్ అమ్మాయి ముందుగానే చీటీలు పంచుతోంది, రాసి ఉంచండి, కట్టేస్తాను అంటూ. చెల్లెలు గోడకు ఆనించి రాసింది. అమ్మా నాన్నల నుంచి, పుట్టినరోజుకి. అది ఏనుగు మెడకు దారంతో ముడేసింది. పిన్ని నుంచి, క్రిస్మస్‌కి. పిన్ని అన్న మాట రాసేటప్పుడు పెన్ను ఆడలేదు, విదిలించి మళ్ళీ రాసింది, అది కుక్కపిల్లకు కట్టింది. అయిపోయింది. బాగానే చేశాననుకుంది. గట్టిది గట్టివాళ్ళకు.

అప్పుడే ఫోను మోగింది. అక్క.

"దొరికాయా?"

"దొరికాయి. నీకు ఏనుగు తీసుకున్నానక్కా. ఎక్కి కూర్చునేది. నేనే కుట్టినా అంత బాగా కుట్టను. వాడు పెళ్ళికొడుకయ్యేదాకా చెక్కు చెదరదు."

అవతల ఓవెన్ హోరు లేదు. అక్క ఏదో తలుపు వేసుకుని మాట్లాడుతున్నట్టుంది, బహుశా ఆ వెనక గదిలోంచే.

"గట్టిదా," అంది అక్క.

"చాలా."

"గట్టిది వద్దే."

చెల్లెలికి అర్థం కాలేదు. అక్క మెల్లగా చెప్పుకొచ్చింది, చెప్పడానికి ఇష్టం లేనట్టూ, చెప్పకపోతే ఆగలేనట్టూ. "నువ్వు తెచ్చినవన్నీ విరిగిపోతాయి కదా. విరిగినవన్నీ గుమ్మం దగ్గర చెప్పుల పక్కన పేర్చుకున్నాడు. బస్సు, బంతి, ఆ చక్రం పుల్ల. పారేస్తే ఏడుపు. తలుపు చప్పుడైతే చాలు, చేతికందింది పట్టుకుని పరిగెత్తుతాడు. పాలాయన వచ్చినా అంతే. మొన్న మీటరు చూడ్డానికి వచ్చినాయన కాళ్ళకు చుట్టుకుని, పిన్నీ, ఊయింది, అన్నాడు. ఆయన మీసాలు చూసి కూడా."

చెల్లెలు నవ్వింది. నవ్వు వచ్చింది, ఆ వెనకే ఇంకోటి వచ్చింది.

"నేను కొన్నవన్నీ నిక్షేపంగా ఉన్నాయి," అంది అక్క. "ఒక్క గీత పడలేదు. వాడు వాటి మొహం చూడడు. నా దగ్గరికి తేవడానికి వాటికేమీ కాదుగా. ఆ బొంత కూడా నేనే పైన పెట్టాను, నీకు తెలుసు."

"తెలుసు."

"ఈసారి నాకు విరిగేది కొనవే. విరిగితే నా దగ్గరికి తెస్తాడేమో."

"తెస్తే ఏం చేస్తావక్కా, నీకు బొత్తాం కుట్టడం కూడా రాదు."

"వచ్చినప్పుడు నేర్పు," అంది అక్క. "నిన్నిలా అడగడానికి నాకు సిగ్గుగానే ఉంది" అని పెట్టేసింది. ఈసారి ఏదీ మాడిపోతోందని చెప్పలేదు.

చెల్లెలు ఫోను చెవి దగ్గరే ఉంచుకుని నిలబడింది. పాట మళ్ళీ మొదటికి వచ్చింది. గుమ్మం దగ్గర, చెప్పుల పక్కన, వాడు. వానలప్పటి నుంచీ. తను బస్సులు కుడుతూ, కావాలనే వెళ్ళకుండా, ఎంతో ఒద్దికగా దూరం జరుగుతున్నాననుకుంటున్న ఆ రోజులన్నిటిలోనూ, వాడు తలుపు చప్పుడుకు లేస్తూనే ఉన్నాడు. తుడిచేస్తున్నాననుకుని వాడి గుమ్మం నిండా తననే పేర్చింది. ఒళ్ళంతా వెచ్చబడింది, ఆ పాల తడి మళ్ళీ వస్తుందేమోనని పిచ్చిదానిలా ఏనుగును ఎదకు అదుముకుంది. వాడు నన్ను అడుగుతున్నాడు. మీసాలున్న మీటరాయనలో కూడా నన్నే అడిగాడు. ఒక్క క్షణం ఆ సంతోషం తప్ప ఇంకేమీ లేదు, ఒక్క క్షణమే, ఎందుకంటే అక్క గొంతు దాని వెనకే నిలబడి ఉంది. అంతా ఇచ్చేశాననుకుంది కదా. ఇంకా కొంచెం మిగిలి ఉందని ఇవాళే తెలిసింది. తెలిసిన రోజే అడిగారు. ఇవ్వననొచ్చు. ఇవ్వననడానికి ఏమీ అనక్కర్లేదు కూడా, కట్టిన చీటీలు కట్టినట్టే ఉంచితే చాలు, కుక్కపిల్ల చెవి ఊడుతుంది, వాడు గుమ్మం దగ్గర కూర్చుంటాడు, తను వెళుతుంది. ఎంత తేలిక. అక్క సిగ్గుగా ఉందంది. అక్క ఏనాడూ తనను ఏదీ అడగలేదు, వాడిని కూడా అడగలేదు. అడిగిన మొదటి వస్తువు చెవులూడే కుక్కపిల్ల. వెనక గదిలో ఆ బస్తాల మధ్య నిలబడి, పిండి చేతులతో ఫోను పట్టుకుని, విరిగేది కావాలని అడుగుతున్న ఆ మనిషిని రోజూ రాత్రి వాడు అమ్మా అని పిలుస్తాడు, అయినా చాలక అడుగుతోందంటే, తనకెంత కావాలో అక్కకూ అంతే కావాలన్నమాట. ఇద్దరిదీ ఒకే ఆకలి. ఒకే కడుపున పుట్టినవాళ్ళు కదా, వేరేగా ఎందుకుంటుంది.

మేడమ్, మీదే, అంది ప్యాకింగ్ అమ్మాయి, కత్తెర ఆడిస్తూ. ఒక్క నిమిషమమ్మా అని, చెల్లెలు ఏనుగు మెడలో ముడి విప్పింది. కుక్కపిల్ల మెడలోదీ విప్పింది. అమ్మా నాన్నల నుంచి అన్న చీటీని కుక్కపిల్లకు కట్టింది. వేళ్ళు అలవాటు కొద్దీ గట్టి ముడే వేశాయి. ఆ అమ్మాయి కుక్కపిల్లను ఎర్ర కాగితంలో పెట్టి చుడుతుంటే, ఏదో అడగబోతున్న ఆ మొహం మీద కాగితం మడత పడింది. పిన్ని నుంచి అన్న చీటీ ఏనుగుకు. గట్టిది. చెక్కు చెదరనిది. వాడు దీని మీద కూర్చుని అక్క కుక్కపిల్ల చెవులు కుట్టడం చూస్తాడు, అక్క వేలికి సూది గుచ్చుకుంటుంది, వాడు మునుగుతాడు, తేలతాడు. దీన్ని పట్టుకుని ఎవరి కాళ్ళ దగ్గరికీ పరిగెత్తడు. పరిగెత్తాల్సిన పనే ఉండదు. గుమ్మం దగ్గర చెప్పులు మాత్రమే ఉంటాయి. సరే. క్రిస్మస్‌కి వెళ్ళాలి, అక్కకు సూదిలో దారం ఎక్కించడం దగ్గర్నుంచీ నేర్పాలి, వంకర సూది అక్కకే ఇచ్చేసి రావాలి. సరే, సరే అని లోపల అంటూనే ఉంది, అయినా చేతులు ఏనుగును వదలడం లేదు.

ప్యాకింగ్ అమ్మాయి ఎర్ర కాగితానికి రిబ్బన్ ముడి వేస్తూ తల వంచుకుని ఉంది. చెల్లెలు ఏనుగును తిరగేసింది. పొట్ట కింద, కుట్టు మొదలైన చోటు, అక్కడ దారం చివర లోపలికి మడిచి దాచి ఉంటారు, పని తెలిసినవాళ్ళకు తప్ప దొరకదు. వేలికి దొరికింది. పర్సులోంచి వంకర సూది తీసి, ఆ చివరను మెల్లగా బయటికి లాగి, ఒక్క కుట్టు వదులు చేసింది. ఒక్కటే. చూస్తే ఏమీ తెలియదు, కూర్చున్నా ఏమీ కాదు. ఇలాంటి కుట్టు ఇవాళ ఊడదు, వచ్చే ఏడూ ఊడదు. పక్కనున్న కుట్టు దాన్ని పట్టుకుని ఉంటుంది, దాన్ని ఆ పక్కది పట్టుకుంటుంది, వాడు ఎక్కి దూకి, ఈడ్చి, మీద నిలబడి అన్ని అరలూ అందుకున్నాక, ఎప్పుడో, బడికి వెళ్ళే రోజుల్లో, పొట్ట కింద మెల్లగా నోరు తెరుస్తుంది. అక్క నేర్చుకున్న కుట్టుకు అంత మందం లొంగదు. అప్పుడు వాడు దాన్ని ఎత్తలేక ఎత్తుకుని తన దగ్గరికే తేవాలి.

ఇవ్వండి మేడమ్, అంది ఆ అమ్మాయి. చెల్లెలు సూది పర్సులో పెట్టుకుని, ఏనుగును బల్ల మీదికి జరిపింది. అది ఊడేనాటికి, అక్క ఆ వార్డులో అన్నట్టు, వాడికి మాటలన్నీ వచ్చేసి ఉంటాయి.